సోయాచిక్కుడులో మొలక కుళ్లు, వేరుకుళ్లు: పీకి చూడటం నుంచి మళ్లీ విత్తేదాకా

జూలై మొదటి వారం, విత్తి పన్నెండు రోజులైంది. గట్టు మీద నిలబడి చూస్తే చేను పచ్చగానే ఉంది, మధ్యలో ఒకచోట మాత్రం ఓ మంచం పట్టేంత జాగాలో మొక్కలు తలలు వాల్చాయి. మా చేనులో మొదటిసారి ఇలా అయినప్పుడు నేను ఒక్క మొక్కను కూడా పీకి చూడలేదు. ఫోన్‌లో ఫొటో తీసుకుని నేరుగా మందుల దుకాణానికి పోయాను. ఫొటో చూసి ఒక పురుగుమందు, ఒక టానిక్ ఇచ్చారు, రెండూ కొట్టాను. వారం తిరిగేసరికి మంచమంత జాగా కల్లమంత అయింది. అప్పుడు కూర్చుని పీకితే మొక్క మొదలు దగ్గర తెల్లటి దారాలు, వాటి మీద ఆవాలు చల్లినట్టు గుండ్రటి గింజలు కనిపించాయి. ఆకు మీద కొట్టిన మందు అక్కడిదాకా పోనే పోదు.

ఆదిలాబాద్, నిర్మల్, కామారెడ్డి, నిజామాబాద్, సంగారెడ్డి నల్లరేగళ్లలో సోయా వేసే ప్రతి ఊళ్లో ఇలాంటి చేలు కనిపిస్తాయి. ఈ తెగుళ్లు గాలికి వచ్చి వాలేవి కావు, మన నేలలోనే ఉంటాయి. పంట ఉన్నా లేకపోయినా కాచుకుని కూర్చుంటాయి. అందుకే చేయాల్సిన పనిలో ఎక్కువ భాగం విత్తక ముందే ఉంటుంది, మొక్క వాలాక మిగిలేది కొంచెమే. ఆ కొంచెంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఇది చదివేవాళ్లలో చాలామంది చేనులో ఇప్పుడు మొక్క వాలిపోయే ఉంటుంది.

1. పీకండి, చీల్చండి, వాసన చూడండి

పీకడం అంటే చేత్తో లాగడం కాదు. లాగితే కుళ్లిన వేరు మట్టిలోనే తెగిపోయి, మీ చేతికి వచ్చేది ఉత్త కాండం. ఖుర్పీతో పక్కన ఓ జానెడు లోతు తవ్వి మట్టిపెళ్లతో సహా లేపండి, బకెట్ నీళ్లలో ముంచి మట్టి దానంతట అదే జారిపోయేలా ఆడించండి. పూర్తిగా చచ్చిన మొక్కను పట్టుకుంటే లాభం లేదు, దాని మీద అప్పటికే నానా బూజులూ చేరి ఉంటాయి. ఇవాళే వాలిన మొక్కలు మూడు, పైకి బాగానే కనిపిస్తున్న పక్క మొక్కలు రెండు, దూరంలో ఉన్న ఆరోగ్యమైన మొక్క ఒకటి తీసుకోండి. ఆరోగ్యమైనది పక్కన లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు.

తర్వాత బ్లేడుతో కాండాన్ని పైనుంచి తల్లివేరు చివరిదాకా నిలువునా చీల్చండి. చూడాల్సింది మూడు చోట్ల: నేలను తాకే మొదలు, తల్లివేరు లోపలి రంగు, పిల్లవేర్లు. వేరు బుడిపెలను కూడా గోరుతో చిదిమి చూడండి. లోపల గులాబీ రంగు ఉంటే పని చేస్తున్నట్టు, బూడిద రంగు జిగురులా ఉంటే వేరుకు ఊపిరాడటం లేదని అర్థం.

2. కనిపించిన గుర్తును బట్టి ఎవరో తేల్చండి

విత్తనం అసలు మొలవలేదా, మొలిచీ మొలవగానే మెత్తబడి పడిపోయిందా, మొదలు నీళ్లలో నానినట్టు ఉందా, పిల్లవేర్ల పైతొక్క వేళ్ల మధ్య పట్టి లాగితే ఊడివచ్చి లోపల దారంలాంటి నార మిగిలిందా? అయితే అది పితియం అనే నేల సూక్ష్మజీవి పని. నీళ్లు నిలిచే పల్లంలో, విత్తిన వెంటనే రెండు మూడు రోజులు ముసురు పట్టినప్పుడు వస్తుంది. పగిలిన, ముసలి విత్తనం నానినప్పుడు దాని నుంచి చక్కెరలు మట్టిలోకి కారతాయి, ఆ తీపికే పితియం మేల్కొంటుంది. ఒకే చేనులో, ఒకే వానకు, మంచి విత్తనం వేసిన సాళ్లు మొలిచి పాత విత్తనం వేసిన సాళ్లు కుళ్లిపోవడానికి ఇదే కారణం.

మొదలు దగ్గర ఇటుక రంగులో, లోపలికి గుంటపడిన మచ్చ ఉంటే రైజోక్టోనియా అనే బూజు. మచ్చ మెత్తగా ఉండదు, పొడిగా ఉంటుంది. కాండం చుట్టూ తిరిగితే మొక్క అక్కడే విరిగిపోతుంది, సగం చుట్టే ఆగితే మొక్క బతుకుతుంది కానీ గాలికి ఒరుగుతుంది. విత్తనం లోతుగా పడి, లేదా గట్టి వాన తర్వాత ఎండకాసి నేల పైపొర బిగిసి, మొలక పైకి రావడానికి ఆలస్యమైన చోట ఇది ఎక్కువ. మట్టి లోపల గడిపిన ప్రతి అదనపు రోజూ దానికే లాభం.

మొదలు చుట్టూ తెల్లటి పత్తిలాంటి బూజు, దాని మీద మొదట తెల్లగా, తర్వాత గోధుమ రంగులోకి తిరిగే ఆవగింజల్లాంటివి ఉంటే స్క్లెరోషియం రోల్ఫ్‌సై, అంటే మొదలుకుళ్లు. దీన్ని గుర్తుపట్టడం అన్నిటికన్నా తేలిక. పొద్దున్నే, మంచు ఆరకముందు వెళ్లి మొక్క మొదట్లో రాలిన ఆకును పక్కకు జరిపితే తెల్లదారాలు విసనకర్ర విప్పినట్టు మట్టి మీదికి పాకి ఉంటాయి. మధ్యాహ్నం వెళ్తే ఎండకు అణిగిపోయి కనపడవు. ఆ ఆవాల్లాంటివే దాని విత్తనాలు అనుకోండి. గొర్రుకూ గుంటకకూ అంటిన మట్టితో, వాననీటితో చేనంతా తిరుగుతాయి, నేలలో ఏళ్లకేళ్లు బతుకుతాయి.

నాలుగోది మసికుళ్లు, మాక్రోఫోమినా అనే బూజు వల్ల వస్తుంది. మొలక దశలోనూ వేరులోకి దూరుతుంది, కానీ అప్పుడు ఏమీ తెలియనివ్వదు. ఆగస్టు చివర వానలు మొహం చాటేసి, పూత అయిపోయి కాయ పడుతున్న వేళ ఎండలు ముదిరితే అప్పుడు బయటపడుతుంది. మొక్క నిలబడినచోటే ఎండిపోతుంది, ఆకులు రాలకుండా గోధుమ రంగులో వేలాడుతూనే ఉంటాయి. రైతు పంట తొందరగా కోతకు వచ్చిందని అనుకుంటాడు. మొక్క మొదలు దగ్గరి తొక్కను గోరుతో గీరండి, లోపల బూడిద రంగు మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు కనిపిస్తాయి. ఆ చుక్కలే మళ్లీ ఏడాదికి పెట్టుబడి.

ఫ్యుజేరియం అనే మరో బూజు గురించి ఒక్క మాట. చీల్చినప్పుడు బయట బాగుండి, లోపల నీళ్లు మోసే గొట్టాలు మాత్రమే గోధుమ రంగుకు తిరిగి ఉంటే ఎండు తెగులని అనుమానించాలి. కానీ ఇది చాలాసార్లు ఒంటరిగా రాదు, పైవాళ్లు పాడుచేసిన వేరులోకి వెనకాల చేరుతుంది.

3. తెగులు కానివి కూడా చూసుకోండి

కాండం చీల్చినప్పుడు లోపల ఎర్రటి వంకరటింకర సొరంగం, అందులో పసుపు రంగు చిన్న పురుగు ఉంటే అది కాండపు ఈగ. కొమ్మ మీద లేదా కాండం మీద దగ్గరదగ్గరగా రెండు గాట్లు ఉంగరాల్లా ఉంటే గర్డిల్ బీటిల్. వీటికి శిలీంధ్ర మందు పోస్తే డబ్బు దండగ. విత్తిన వెంటనే పెండిమిథాలిన్ అనే కలుపు మందు కొట్టిన చేలలో, తర్వాత గట్టి వాన పడితే మొదలు దగ్గర కాండం ఉబ్బి, పెళుసెక్కి, గాలికి విరుగుతుంది. రైజోక్టోనియాలాగే ఉంటుంది కానీ ఇటుకరంగు గుంట ఉండదు, చేనంతా ఒకేలా ఉంటుంది. తెగులైతే మచ్చలు మచ్చలుగా, సాలు వెంబడి, పల్లం వైపు కనిపిస్తుంది. చేనంతా ఒకే రోజు ఒకేలా మారిందంటే ముందు మందునో, నీటినో అనుమానించండి.

ఇంకా తేలకపోతే మొక్కలను మట్టితో సహా పేపర్‌లో చుట్టి వ్యవసాయ విస్తరణ అధికారికో (ఏఈఓ), కృషి విజ్ఞాన కేంద్రానికో తీసుకెళ్లండి. ప్లాస్టిక్ కవర్లో వేసి బండి డిక్కీలో పెట్టకండి, గంటలో ఉడికిపోతుంది. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు, కానీ వాళ్లకు చెప్పడానికి పైన చూసిన గుర్తులు మీ నోట ఉండాలి.

4. నిలిచిన పైరులో చేయగలిగింది

వాలిన మొక్క లేవదు. మందు పోసేది దాని చుట్టూ ఉన్నవాటిని కాపాడుకోవడానికే. మొదట నీళ్లు తీసేయండి. పారతో ఒక కాలువ గీసి గుంటలోని నీటిని గట్టు దాటిస్తే పితియం సగం అక్కడే ఆగిపోతుంది, ఇది చేయకుండా ఎన్ని మందులు పోసినా వృథా.

మందు ఎంపికలో అందరూ చేసే తప్పు ఒకటి ఉంది. ఏ కుళ్లుకైనా కార్బెండజిమ్ అడిగి తెచ్చుకుంటారు. పితియం అసలు సిసలు శిలీంధ్రం కాదు, వేరే జాతి, కార్బెండజిమ్ దాన్ని ఏమీ చేయలేదు. దానికి మెటలాక్సిల్ కలిసిన మందు కావాలి. మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిపి వచ్చే పొడి లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున మొక్క మొదలు దగ్గర పోయాలి. రైజోక్టోనియా, మొదలుకుళ్లు అయితే కార్బెండజిమ్, మాంకోజెబ్ కలిసిన మందు లీటరుకు 2.5 గ్రాములు, లేదా కాపర్ ఆక్సీక్లోరైడ్ 3 గ్రాములు. డబ్బా మీద మోతాదు వేరేగా ఉంటే దాన్నే నమ్మండి.

స్ప్రేయర్ నాజిల్ తీసేసి, సన్నటి ధారగా మొక్క మొదలు తడిసి మట్టిలోకి దిగేలా పోయాలి. మచ్చపడిన జాగాతో ఆగకుండా దాని చుట్టూ రెండు మూడు అడుగుల వరకు బాగున్న మొక్కలకు కూడా పోయండి, దారాలు అప్పటికే అక్కడిదాకా పాకి ఉంటాయి. నేల పూర్తిగా ఎండి ఉన్నప్పుడు గానీ నీళ్లు నిలిచి ఉన్నప్పుడు గానీ పోయకండి. మొదలుకుళ్లు సోకిన మొక్కలను ఆవాల్లాంటి గింజలు రాలకముందే మట్టితో సహా సంచిలోకి తీసి చేను బయట కాల్చేయండి, గట్టు మీద పారేస్తే వచ్చే వానకు తిరిగి వస్తాయి.

మసికుళ్లు కాయ దశలో కనిపించాక మందుతో ఆపలేము. ఈ మాట దుకాణంలో ఎవరూ చెప్పరు, కానీ చెప్పాలి. అప్పుడు ఒక తడి ఇవ్వగలిగితే అదే మందు.

5. చోటు గుర్తుపెట్టుకోండి, యాసంగిలో తొందరపడకండి

ఏ మూలలో ఎంత మేర పోయిందో కాగితం మీద చేను బొమ్మ గీసుకుని గుర్తుపెట్టండి, కోత అయ్యాక గుర్తుండదు. ఇది ఎందుకంటే మన దగ్గర సోయా కోయగానే దుక్కి చేసి శనగ వేస్తాం. సోయాను చంపిన స్క్లెరోషియమే శనగలో మొదలుకుళ్లు తెస్తుంది. సోయాలో మసికుళ్లు తెచ్చే మాక్రోఫోమినాయే శనగలో ఎండు వేరుకుళ్లు తెస్తుంది. అంటే వానాకాలంలో ఒకసారి, యాసంగిలో ఒకసారి, ఏడాదికి రెండు పూటలా దానికి మనమే అన్నం పెడుతున్నాం. శనగ మొలకలు ఎందుకు చస్తున్నాయని నవంబర్‌లో అడిగేవాళ్లలో చాలామంది ఆగస్టులో సోయా మొదళ్లు చూడనివాళ్లే. వేరుశనగ వేసినా అంతే, అందులోనూ ఇదే స్క్లెరోషియం కాండంకుళ్లు తెస్తుంది.

మొదలుకుళ్లు గట్టిగా వచ్చిన చేనులో ఒక ఏడాదైనా జొన్న, మొక్కజొన్న, గోధుమ లాంటి గడ్డిజాతి పంటకు మారండి. మసికుళ్లు అయితే జొన్న, మొక్కజొన్న కూడా పూర్తి రక్షణ ఇవ్వవు, ఎందుకంటే అది వాటినీ పట్టుకుంటుంది. దానికి అన్నిటికన్నా గట్టి దెబ్బ నీళ్లు నిలబెట్టడం. ఆ నల్లచుక్కలు ఎండిన నేలలో ఏళ్లు బతుకుతాయి గానీ వారాల తరబడి నీళ్లు నిలిచిన బురదలో చచ్చిపోతాయి. నీటి వసతి ఉన్న మడి అయితే ఒక కారు వరి వేసి చూడండి. నిజామాబాద్, కామారెడ్డి వైపు ఇది కుదిరేవాళ్లు ఉన్నారు. ఆదిలాబాద్ వాలు చేలలో కుదరదు, అక్కడ పంట మార్పిడి, సేంద్రియ ఎరువు, మంచి విత్తనం మీదే ఆధారపడాలి.

6. ఎండాకాలం దుక్కి

ఏప్రిల్, మే నెలల్లో, వేసవి జల్లు పడి నేల కాస్త మెత్తబడగానే మట్టి తిరగబడేలా లోతుగా దున్నండి. స్క్లెరోషియం గాలి ఆడే పైపొరలోనే బతకగలదు, అడుగున పడితే చాలావరకు చచ్చిపోతుంది. పైకి వచ్చినవి రోహిణి కార్తె ఎండకు మాడుతాయి. ప్రతి ఏడాదీ అంత లోతు దుక్కి అక్కర్లేదు. ఒకసారి కిందికి తోసినవాటిని మరుసటి ఏడాదే మళ్లీ పైకి తెచ్చుకోవడం ఎందుకు? మూడేళ్లకోసారి చాలు, మధ్యలో గుంటకతో సరిపెట్టండి.

చివకని పెంట చేనులో వేయకండి. సగం మాగిన ఎరువు, పచ్చి చెత్త, పాత పంట మోళ్లు విత్తే సమయానికి మట్టి పైన ఉంటే స్క్లెరోషియానికి అదే మేత. దాన్ని తిని బలపడి పక్కనున్న మొలక మీదికి పోతుంది.

7. ట్రైకోడెర్మా పెంచుకోవడం

ట్రైకోడెర్మా అంటే తెగులు బూజులను అణిచే మంచి బూజు. చాలామంది ప్యాకెట్ చింపి నేరుగా చేనులో చల్లి పని చేయలేదంటారు. అలా చల్లితే ఎండకు చస్తుంది. మే చివరి వారంలో, చెట్టు నీడలో 90 కిలోల బాగా మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి కలపండి, ఇది ఒక ఎకరానికి. గుప్పెడు తీసి పిడికిట్లో నొక్కితే ముద్ద కావాలి, నీరు కారకూడదు, అంతే తడి. పైన తడి గోనెసంచులు కప్పి రోజూ కాస్త చిలకరించండి. నాలుగైదు రోజులకు తెల్లగా, వారం పది రోజులకు ఆకుపచ్చగా బూజు అల్లుకుంటుంది. కర్రతో కదిపితే పచ్చటి పొడి లేస్తుంది, మట్టి వాసన వస్తుంది. నల్లబడినా, మురుగు కంపు కొట్టినా అది వేరేది, చేనుకు వేయొద్దు. ప్యాకెట్ కొనేటప్పుడు తయారైన తేదీ చూడండి, దుకాణంలో రేకు కింద వేసవి అంతా మగ్గినది తీసుకోకండి.

ఆఖరి దుక్కిలో, నేలలో పదును ఉన్నప్పుడు, పొద్దు వాలాక చల్లి కలియదున్నాలి.

8. విత్తనం

నేను దీనికి అన్నిటికన్నా ఎక్కువ విలువ ఇస్తాను. సోయా గింజ తొక్క పల్చన, లోపలి మొలక తొక్కకు ఆనుకునే ఉంటుంది. బస్తాను లారీ మీద నుంచి ఒక్కసారి ఎత్తేస్తే బయటికి ఏమీ తెలియకుండా గింజలు లోపల దెబ్బతింటాయి. ఇంటి విత్తనమైతే నూర్పిడి యంత్రం వేగం తగ్గించి కొట్టించాలి, బస్తాలు నాలుగైదు వరుసలకు మించి పేర్చకూడదు.

విత్తడానికి పది రోజుల ముందు బస్తాలో పైన, మధ్య, అడుగు నుంచి కలిపి 100 గింజలు లెక్కపెట్టి తడి గోనెపట్టాలో వరుసగా పేర్చి చుట్టండి. ఐదారు రోజులకు విప్పి, బలమైన మొలక ఉన్నవే లెక్కించండి. 70 వస్తే వేసుకోవచ్చు. 60 అయితే విత్తనం పెంచి వేయాలి. అంతకన్నా తక్కువైతే అది నూనెకే. మొలవని గింజల మీద ఏ రంగు బూజు ఉందో కూడా చూడండి.

విత్తనశుద్ధిలో క్రమం ముఖ్యం: ముందు శిలీంధ్ర మందు, తర్వాత పురుగుమందు, చివర రైజోబియం (వేరు బుడిపెలు కట్టించే మేలైన సూక్ష్మజీవి). కిలో విత్తనానికి కార్బాక్సిన్, థైరం కలిసిన పొడి 3 గ్రాములు పట్టించి ఆరనివ్వండి. కాండపు ఈగ బెడద ఉంటే థయోమిథాక్సాం 30 ఎఫ్.ఎస్. కిలోకు 10 మి.లీ. పట్టించండి. విత్తే రోజున, నీడలో, 8 నుంచి 10 కిలోల విత్తనానికి 200 గ్రాముల రైజోబియం కల్చర్‌ను చల్లారిన బెల్లం నీళ్లతో కలిపి పట్టించి, ఆరగానే విత్తేయండి. రసాయనం వద్దనుకునేవాళ్లు కిలోకు 10 గ్రాముల ట్రైకోడెర్మా పట్టించి, దానితోపాటే రైజోబియం వాడుకోవచ్చు. పాలిథిన్ పట్టా మీద పోసి, ఇద్దరు చెరో అంచు పట్టుకుని ఊపుతూ కలపండి. చేత్తో గట్టిగా రుద్దితే తొక్క ఊడుతుంది. చేతులకు గ్లౌజులు వేసుకోండి, మిగిలిన విత్తనం పశువులకు గానీ కోళ్లకు గానీ అందకుండా చూడండి.

రకం విషయానికొస్తే, జేఎస్ 335ను ఏళ్ల తరబడి అదే చేనులో వేస్తున్నవాళ్లు మసికుళ్లు చూస్తుంటే ఒక్క ఎకరంలోనైనా వేరే రకం వేసి పోల్చండి. జబల్‌పూర్ నుంచే వచ్చిన జేఎస్ 20-34 ఈ తెగులును తట్టుకునే రకం. మహారాష్ట్ర సరిహద్దు చేలలో తొందరగా కోతకు రావడం దానికి ఇంకో లాభం.

9. విత్తే రోజు

మృగశిరలో మొదటి వాన పడగానే గొర్రు కట్టకండి. 75 నుంచి 100 మి.మీ. వాన పడి, జానెడు లోతు వరకు తడి దిగాక విత్తాలి. సగం తడిలో వేసిన విత్తనం ఉబ్బి ఆగిపోతుంది, మొలవదు, కుళ్లుతుంది. అలాగని చిత్తడిలోనూ వేయొద్దు. మట్టిని పిడికిట్లో పట్టి వదిలితే ముద్ద విడిపోవాలి. రెండు మూడు సెంటీమీటర్ల కన్నా లోతు పడకుండా గొర్రు సరిచూసుకోండి, సాళ్ల మధ్య 45, మొక్కల మధ్య 5 సెంటీమీటర్లు. ఎకరాకు 30 కిలోలు దాటించి చిక్కగా వేస్తే మొక్కలు నీటికోసం కొట్టుకుంటాయి, కాయ దశలో మసికుళ్లు అలాంటి చేనునే పట్టుకుంటుంది.

వీలైతే వెడల్పాటి ఎత్తు మడులు చేసి పక్కన కాలువలు తీసి విత్తండి. ట్రాక్టర్‌కు ఆ పరికరం దొరకకపోతే ప్రతి ఆరేడు సాళ్లకు ఒక సాలు వదిలి, నెల లోపు నాగలితో అక్కడ కాలువ తీయండి. ఎక్కువ వాన పడితే నీరు దాంట్లోంచి పోతుంది, తక్కువ వాన పడితే అందులోనే ఆగి ఇంకుతుంది. ఒకే పనికి పితియమూ మసికుళ్లూ రెండూ తగ్గుతాయి.

10. విత్తాక

ఏడో రోజు, పన్నెండో రోజు, ఇరవయ్యో రోజు చేనులోకి దిగండి. మీటరు పొడవు కర్ర సాలు పక్కన పెట్టి మొక్కలు లెక్కించండి, 5 సెం.మీ. ఎడం లెక్కన 20 ఉండాలి. పల్లంలో రెండు చోట్ల, మెరకలో రెండు చోట్ల లెక్కించి రాసుకోండి. ఏడో రోజుకే తక్కువైతే విత్తనాన్నో పితియాన్నో చూడాలి. ఏడో రోజు 18 ఉండి ఇరవయ్యో రోజుకు 12కు పడితే నేల నుంచి ఎవరో తింటున్నారు, ఒకటో అంశానికి వెళ్లి పీకండి.

గుంటక తోలేటప్పుడు మట్టిని మొక్క మొదటి మీదికి ఎగదోయకండి, మొదలుకుళ్లుకు మీరే దారి వేసినట్టవుతుంది. తెగులు ఉన్న మూలను చివరగా తోలి, గుంటకను అక్కడే కడిగి తీసుకురండి. పొటాష్ మానేయకండి. పూత నుంచి కాయ నిండేదాకా పదిహేను రోజులు వాన లేకపోతే, బోరు ఉన్నవాళ్లు స్ప్రింక్లర్‌తోనైనా ఒక తడి ఇవ్వండి.

కోతప్పుడు, ముందే ఎండిపోయిన జాగాను మిగతా చేనుతో కలిపి కోయకండి. అక్కడి మొక్కలను విడిగా కోసి, విడిగా నూర్పించి, ఆ గింజను మార్కెట్‌కే పంపండి, ఆ పొట్టును పెంటకుప్పలో కలపకండి. వచ్చే ఏటికి విత్తనం ఉంచుకోవాలంటే కాగితం మీద మీరు గీసిన బొమ్మలో మచ్చ లేని వైపు నుంచే తీసుకోండి.